ఆ ఊరిని మూడుసార్లు అడిగాం

నిరుద్యోగం పెరిగిందనో తగ్గిందనో పేపర్లో వార్త వచ్చిన రోజున మా ఇంట్లోవాళ్లు ఆ పేజీ నా చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ పూట నేను కాఫీ చల్లారబెట్టుకుని అందరి బుర్రలూ తింటానని వాళ్లకు తెలుసు. ఆ అంకె తప్పని నేనెప్పుడూ అనలేదు. అది ఎట్లా పుడుతుందో చూసినవాణ్ణి కాబట్టి ప్రశాంతంగా చదవలేను, అంతే.

ఈ మధ్య మా పాత శాఖలో కొత్తగా చేరిన పిల్లలిద్దరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, మీ రోజుల్లో ఊళ్లమీద తిరగడం ఎలా ఉండేదని అడిగారు. టీ తాగేలోపు చెప్పగలిగింది కాదు, రాసి పెడతానన్నాను. రాయబోతే నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క ఊరే ముందుకొచ్చి కూర్చుంది. మిగతావాటి కోసం పక్కకు జరగమన్నా జరగలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. మార్కాపురం, గిద్దలూరు అప్పటికి కర్నూలు జిల్లాలో ఉండేవి. నేను గుంటూరులో బి.ఏ. చదివి, సర్వే శాఖలో ఇన్వెస్టిగేటరుగా చేరి, మార్కాపురంలో పడ్డాను. ఉద్యోగం తాత్కాలికం. ఏ నెల పొమ్మంటే ఆ నెల పెట్టె సర్దుకోవాలి. దేశం మొత్తంలో చీటీలు తీసినట్టు కొన్ని ఊళ్లు ఎంచి, ఆ ఊళ్లలో కొన్ని ఇళ్లు ఎంచి, వాటిలో ఎవరికి పని ఉంది, ఎవరికి లేదు అని అడిగి రాసుకురావడం మా పని.

వినడానికి ఇంతకంటే తేలికైన పని ఉండదు. గడిచిన వారంలో కూలికి గాని, సొంత సేద్యంలో గాని, ఇంటి వ్యాపారంలో గాని కాస్తంత పని చేసినా సరే, ఆ మనిషి పనిలో ఉన్నట్టే లెక్క. ఏమీ చేయకుండా పని కోసం వెతుకుతుంటే, లేదా ఇస్తే చేస్తానంటే, నిరుద్యోగి. చేయనూ లేదు, కావాలని అడగనూ లేదంటే ఆ మనిషి ఈ రెండింటిలోనూ లేడు. పిల్లలూ, బాగా ముసలివాళ్లూ, ఇంటిపని తప్ప మరొకటి చేయని ఆడవాళ్లూ ఆ మూడో గంపలోకి. దేశంలో మనుషులందరినీ ఈ మూడు గంపల్లో సర్దాలి. ట్రైనింగులో ఇంగ్లీషులో చెబుతుంటే మాకెవరికీ ఏ అనుమానమూ రాలేదు. అనుమానాలన్నీ త్రిపురాంతకంలో బస్సు దిగాక వచ్చాయి.

మార్కాపురంలో నా గదిలో ఇంకో ఇన్వెస్టిగేటరు ఉండేవాడు. గిద్దలూరు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. భారీ శరీరం, ఎప్పుడూ నవ్వు ముఖం. ఆయన ఊళ్లకు పోయేవాడు కాదు. బస్టాండు పక్కన హోటల్లో మూల బల్ల దగ్గర దోసె తిని, అక్కడే కూర్చుని ఒక ఊరు పూర్తి చేసేవాడు. ఆ ప్రాంతంలో పుట్టి పెరిగినవాడు కాబట్టి ఏ కులం ఇంట్లో ఎవరు ఏం చేస్తారో ఊహించి రాసేవాడు. ఆ కాగితాలు చూస్తే ముచ్చటేసేది. ఒక కొట్టివేత ఉండదు, ఒక లెక్క మరో లెక్కతో పేచీ పెట్టుకోదు. మా ఆఫీసులో వాటిని కొత్తవాళ్లకు నమూనాగా చూపించేవారు. నేను ఎండలో తిరిగి తెచ్చినవి మాత్రం చెమట మరకలతో, కొట్టివేతలతో, ‘వివరణ కోరడమైనది’ అనే ఎర్ర సిరాతో తిరిగొచ్చేవి.

నేను చెప్పబోయే ఊరు త్రిపురాంతకం నుంచి చేలమధ్య నడిచిపోవలసిన ఊరు. ఆ ఏడు వాన మొహం చాటేసింది. కంది పూత మీదే మాడిపోయింది. ఆముదం పొయ్యిలోకి తప్ప పనికి రాలేదు. గొర్రెలున్నవాళ్లు మందల్ని తోలుకుని నల్లమలలోకి పోయారు. కొందరు మార్కాపురం పలకల గనులకు పోయారు. మిగిలినవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఆ మిగిలినవాళ్లు ఏ గంపలోకి వస్తారో తేల్చడానికి నేను వెళ్లాను.

మొదటి ఇల్లు గ్రామ మునసబుది. ఊళ్లో పెద్ద రైతు, మంచి మనిషి, అడగకముందే మజ్జిగ ఇప్పించే రకం. ఏం పని చేస్తున్నారని అడిగితే, వానలే లేవు గదా, ఖాళీనే అన్నాడు. నేను ట్రైనింగులో నేర్చినట్టు తవ్వి అడిగితే, ఆ వారంలో ఒకరోజు తన బావిలో పూడిక తీయిస్తుంటే గట్టున నిలబడి చూశానన్నాడు. సొంత సేద్యం చూసుకోవడం పనే కాబట్టి, పనిలో ఉన్నాడని రాశాను. పక్క వీధిలో ఒక కూలీ. ఆ బావిలో దిగి మట్టి తోడినవాడు. ఆ ఒక్కరోజు తప్ప వారమంతా మోకాళ్లు కౌగిలించుకుని కూర్చున్నాడు. కాస్తంత చేసినా చేసినట్టే కాబట్టి, అతనూ పనిలో ఉన్నాడు. బావిలో దిగినవాడూ, గట్టున గొడుగు పట్టుకుని నిలబడినవాడూ నా కాగితంలో ఒకే గంపలో పడ్డారు. రాస్తున్నప్పుడే నాకు చిరాకు వేసింది. కాని నిబంధన నిబంధనే.

ఊరి చివర గొర్రెలవాళ్ల ఇల్లు. ఇంట్లో ముసలాయన, ఆయన పెద్దకోడలు. కోడలికి ముప్ఫై ఏళ్లుంటాయి. మొగుడు మందతో అడవికి పోయాడు. నడవలేని పిల్లజీవాలనూ, రోగమొచ్చినవాటినీ ఆమెకు వదిలిపోయాడు. నేను అడిగినప్పుడు ఆమె ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని పాలు తాగిస్తోంది.

“నాకేం పని తమ్ముడా, ఊరికే ఇంట్లో ఉంటా” అంది.

ముసలాయన కూడా అవునన్నట్టు తలాడించాడు. మా నమూనా మనిషి అయితే వెంటనే మూడో గంపలో వేసి మరో దోసె చెప్పేవాడు. నేను వేయలేదు. సోమవారం పొద్దున లేచి ఏం చేశావక్కా, తర్వాత ఏం చేశావు అని ఒక్కొక్కటే అడిగాను. దొడ్డి ఊడ్చి ఎరువు కుప్ప పోసింది. జీవాల్ని వాగు వారకు తోలుకుపోయి కొమ్మలు నరికి వేసింది. తిరిగొచ్చి గొంగళికి ఉన్ని వడికింది. వారమంతా అదే వరస. జీతం లేకుండా కుటుంబం పనిలో ఉన్న మనిషి అని రాశాను. రాసినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను. ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు.

నేను వచ్చేసిన కొన్ని రోజులకు ఊళ్లో దండోరా వేశారు. పని లేనివాళ్ల పేర్లు రాసుకోవడానికి ఆఫీసరు వస్తాడు, దోర్నాల రోడ్డుకు కంకర కొట్టే పని పెడతారు అని. దండోరా తాలూకా ఆఫీసుది. దానికీ మా సర్వేకూ సంబంధం లేదు. కాని ఆ మర్నాడే మా సూపర్‌వైజరు గారు జీపులో ఆ ఊరికి తనిఖీకి వెళ్లారు. తనిఖీ అంటే నేను అడిగినవే నాకు చెప్పకుండా మళ్లీ అడిగి సరిపోయాయో లేదో చూడడం. ఆయన దిగి, కాగితాలు తీసి, మీకు పని ఉందా అని అడిగితే ఊరు ఊరంతా ఏమనుకుని ఉంటుందో మీరే ఊహించండి.

ఒక్కరికీ పని లేదు. కూలీకి లేదు, గొర్రెల కోడలికి లేదు, కళ్లు కనపడని ముసలివాడు కూడా పనిస్తే చేస్తానన్నాడు. చివరికి మునసబు సైతం పని లేదనే చెప్పాడు. ఎందుకయ్యా అంటే, కంకర పని పెడితే తనను మేస్త్రీగా వేస్తారేమోనని ఆశట.

సూపర్‌వైజరు గారు హైదరాబాదు మనిషి. నిక్కచ్చి. కడుపులో పుండు వల్ల కారం తినరు, మాటల్లో మాత్రం తగ్గించరు. అన్యాయం చేసే మనిషి కాదు గాని, కాగితం మీద రెండు జవాబులు కలవకపోతే ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టదు. నా కాగితంలో దాదాపు అందరూ పనిలో ఉన్నారు, ఆయన కాగితంలో అందరూ నిరుద్యోగులు. నేను ఊరికి పోకుండా ఎక్కడో కూర్చుని రాశానని తేల్చుకున్నారు. ఎందుకు తీసేయకూడదో చెప్పమని మెమో వచ్చింది.

ఆ మెమో నా చేతికొచ్చేసరికి నా గదిలో మనిషి దోసె తినొచ్చి మంచం మీద పడుకుని ఉన్నాడు. చదివి వినిపించాను. ఆయన లేచి కూర్చుని, నిజంగా జాలిపడి చెప్పాడు.

“ఇంటింటికీ తిరిగితే ఇట్లనే ఉంటాది బ్రదరూ. మనుషుల్ని అడిగితే తేడా రాక ఏమొస్తాది? నా మాదిరి నిన్ను నువ్వే అడుక్కొనుంటే ఈ తిప్పలుండేవా?”

తలగడ తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. దానికి బదులు మర్నాడు మొదటి బస్సెక్కి ఆ ఊరు పోయాను. మునసబు ఇంటికి నేరుగా వెళ్లి, మీరంతా ఎందుకిట్లా చెప్పారని నిలదీశాను. ఆయన దండోరా సంగతి చెప్పాడు. నేను మెమో సంగతి చెప్పాను. ఆయన మొహం వాడిపోయింది. మా నోటిమాటతో నీ కూడు పోగొట్టినామా అని నొచ్చుకున్నాడు. నేను లేచి వస్తుంటే చెయ్యి పట్టుకుని, నువ్వేమీ దిగులు పెట్టుకోవద్దు, మేం చూసుకుంటాంలే అబ్బాయా అన్నాడు. ఆ మాటకు నేను అప్పుడే భయపడి ఉండవలసింది. భయపడలేదు. కృతజ్ఞతలు చెప్పి వచ్చాను.

సూపర్‌వైజరు గారు నన్ను వెంటబెట్టుకుని మళ్లీ ఆ ఊరికి పోవడానికి ఒక రోజు పెట్టారు. నా ముందే అడిగి, నా సంగతి తేల్చేస్తారన్నమాట. ఊరు దగ్గర పడేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కోళ్లు కూడా నీడకు చేరే వేళ.

ఊరి మొదట్లో ఒక రైతు చేలో మడక దున్నుతున్నాడు. ఎముకలు తేలిన ఎద్దులు, రాయిలా బిగిసిన నేల. కర్రు దిగక పైపైన జారుతోంది, దుమ్ము లేస్తోంది. సూపర్‌వైజరు గారు జీపు ఆపించి కొంచెంసేపు చూశారు. వాన చుక్క లేకుండా ఇదేం దుక్కి అని నన్నడిగారు. నాకూ తెలియదన్నాను. వీధిలోకి వెళితే ఇంటింటి ముందూ ఎవరో ఒకరు పని చేస్తున్నారు. ఆడవాళ్లు వరసగా కూర్చుని చేటలతో చెరుగుతున్నారు. చేటల్లోకి తొంగి చూశాను. పొట్టు తప్ప గింజ లేదు. ఊడ్చిన వాకిలినే ఒకామె మళ్లీ ఊడుస్తోంది. ఇద్దరు మగవాళ్లు మునసబు గోడకు సున్నం కొడుతున్నారు. కళ్లు కనపడని ముసలివాడు అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. తాడు పేనినకొద్దీ విడిపోతోంది. ఆయన మళ్లీ పేనుతున్నాడు. ఆ ఊళ్లో అంత పని నేనెప్పుడూ చూడలేదు.

నాకు అప్పటికి అర్థమైంది మునసబు ఏం చూసుకున్నాడో.

ఆయన నవ్వుతూ ఎదురొచ్చి, నా గొంతు మీద ఆఖరి కత్తి పెట్టాడు.

“మా ఊర్లో పని లేనోడు ఒక్కడూ లేడు సార్. ఈ అబ్బాయి రాసినాడే, అందులో అచ్చరం తప్పు లేదు.”

నేను రాసింది ఆయన చూడలేదు. చూడకూడదు కూడా. ఇంట్లోవాళ్లు చెప్పింది మరొకరికి చూపించడం మా శాఖలో పెద్ద నేరం. సూపర్‌వైజరు గారు నా వైపు తిరిగి, వీళ్లకు నువ్వే చెప్పి పెట్టావా అని అడిగారు. లేదన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినపడింది.

ఇంటింటికీ వెళ్లాం. ప్రతి ఇంట్లోనూ ఒకే పాఠం. వారమంతా పనే సార్, ఊపిరి తిరగని పని సార్. కిందటిసారి పనివ్వండి సార్ అని ఈయన కాళ్లకు దండం పెట్టిన కూలీ, ఇప్పుడు మనుషులు దొరక్క ఇబ్బందిగా ఉందన్నాడు. చెబుతూ నా వంక చూసి, సరిగ్గా చెప్పానా అన్నట్టు కనుబొమ్మ ఎగరేశాడు. అది సూపర్‌వైజరు గారు చూశారు. నేను రక్షింపబడుతున్నకొద్దీ మునిగిపోతున్నాను. ఎవరి మీద కోప్పడాలో తెలియని కోపం అది. వాళ్లలో ఒక్కడన్నా నా చెడు కోరుకుని ఉంటే బాగుండేది.

చివరికి గొర్రెలవాళ్ల ఇంటికి వచ్చాం. కోడలు గడప మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఊళ్లో పని చేయకుండా కూర్చున్న మనిషి ఆమె ఒక్కతే. ముసలాయన పాఠం మొదలుపెట్టి, మా కోడలికి క్షణం తీరిక ఉండదయ్యా అనబోతుంటే ఆమె చేత్తో ఆపింది. నీకు పని ఉందామ్మా అని సూపర్‌వైజరు గారు అడిగారు.

“పని లేదంటే ఈ తమ్ముడి ఉద్యోగం పోతాదంట, ఉందని చెప్పమన్నారు. ఉందంటే రోడ్డు పని పెట్టరంట. ఏది చెప్తే మాకు పనిస్తారో మీరే చెప్పండయ్యా, అదే చెప్తా.”

సూపర్‌వైజరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నిజమే చెప్పారు. ఏది చెప్పినా పని రాదమ్మా, ఇది పనివ్వడానికి రాసేది కాదు, దేశంలో ఎంతమందికి పని లేదో లెక్క తెలియడానికి అన్నారు.

“మరి ఎందుకు మూడుమార్లు వచ్చి అడిగినారు?” అంది ఆమె.

గొంతు పెంచి అనలేదు. అడిగి, లేచి లోపలికి పోయింది. వీధిలో చెరిగేవాళ్ల చేటలు ఆగిపోయాయి. సున్నం కొట్టేవాళ్లు దిగి వచ్చారు. రోడ్డు పని రాదన్న మాట ఒకరి నోటి నుంచి ఒకరికి పాకడం కళ్లారా చూశాను. అంతదాకా నా ఉద్యోగం గురించే ఉన్న నా బుర్రలోకి, ఈ ఊరు ఆ రోడ్డు పని మీద ఎంత ఆశ పెట్టుకుందో, అది నా కోసం వదులుకోవడానికి సిద్ధపడి ఆ ఎండలో ఎట్లా నిలబడిందో అప్పుడు ఎక్కింది.

సూపర్‌వైజరు గారు నన్ను చావడిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టారు. తెలివైన మనిషి, జరిగిందంతా ఈపాటికి అర్థం చేసుకున్నారు. దారి కూడా చూపించారు. ఈ ఊరివాళ్లు సహకరించలేదు, వాళ్ల మాటలు నమ్మదగినవి కావు అని నేను రాసిస్తే చాలు. ఈ ఊరిని జాబితాలోంచి తీసేసి దీని బదులు ఇంకో ఊరు వేసుకుంటారు. నా మెమో రద్దవుతుంది. అందరికీ సుఖం. కలం నా చేతికిచ్చారు.

నేను రాయనన్నాను. దీన్ని ధైర్యమనుకోకండి పిల్లలూ. పొద్దున్నుంచి తిండి లేదు, తల పగిలిపోతోంది, విసుగు తలకెక్కింది. ఆ క్షణంలో ఎవరు ఏమడిగినా కాదనేవాణ్ణే.

“వీళ్లు సహకరించలేదని నేను రాయను సార్. వీళ్ల సహకారం ఎక్కువై నా పీకల మీదికొచ్చింది. కావాలంటే ఆ మాట రాసిస్తాను.”

ఉద్యోగం అక్కడితో పోయిందనుకున్నాను. ఆయన మునసబు పంపిన మజ్జిగ తాగారు. ఆ మాట రాయడానికి మన ఫారంలో చోటు లేదు అని గొణిగారు. తర్వాత బూట్లు విప్పి పక్కన పెట్టి, పద, మొదటి ఇంటి నుంచి మొదలుపెడదాం అన్నారు.

ముందు ఊరివాళ్లందరినీ చావడి ముందు పిలిపించారు. తాము వచ్చింది రోడ్డు పని కోసం కాదని, ఎవరికి పని ఉన్నా లేకపోయినా ఏ లాభమూ ఏ నష్టమూ లేదని, జరిగింది జరిగినట్టు చెప్పమని చెప్పారు. మునసబుకు నమ్మకం కుదరలేదు. మరి ఈ అబ్బాయి ఉద్యోగం పోదు గదా సార్ అని అందరిముందూ అడిగాడు. పోదు అన్నారు సూపర్‌వైజరు గారు. నా మెమోకు జవాబు అదే. నేను రాసింది ఏదీ నా ఉద్యోగం నిలవడానికి కారణం కాదు.

ఆ రోజూ మర్నాడూ ఆ ఊళ్లోనే ఉన్నాం. ఆయనే గొంతుక్కూర్చుని, ఒక్కొక్కరినీ నేను మొదట అడిగిన వారంలోనే సోమవారం నుంచి ఆదివారం దాకా నడిపించారు. చాలా జవాబులు నేను మొదట రాసినవాటికి దగ్గరగా వచ్చాయి. కొన్ని రాలేదు. కూలీకి ఇప్పుడు గుర్తొచ్చింది, పూడిక పని రెండు వారాల్లోనూ జరిగినా తను బావిలో దిగింది నేను అడిగిన వారంలో కాదు, దానికి ముందు వారంలో అని. అంటే అతను ఉండవలసింది నిరుద్యోగుల గంపలో. అదేందయ్యా, అప్పుడే చెప్పలేదేం అంటే, నువ్వు పని గురించి అంత ఇదిగా అడుగుతాంటే ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని చెప్పినా అన్నాడు.

గొర్రెల కోడలు ఈసారి కూర్చుని జవాబు చెప్పలేదు. దొడ్డి ఊడుస్తూ చెప్పింది. మేం ఆమె వెనకాల తిరుగుతూ రాసుకున్నాం. ఆమె పనిలో ఉన్న మనిషే, అందులో అనుమానం లేదు. అక్కడొక చిక్కుంది. పనిస్తే చేస్తావా అన్న ప్రశ్న పని లేనివాళ్లను మాత్రమే అడగాలి. పనిలో ఉన్నవాళ్ల దగ్గర ఆ గడి దాటేసి కిందికి పోవాలి. ఆ ఊరు మొత్తం మీద ఆ ప్రశ్న ఎవరినైనా అడగవలసి ఉంటే ఈమెనే అడగాలి. అడగడానికి మాకు వీల్లేదు. సూపర్‌వైజరు గారి కలం ఆ గడి మీద ఆగింది. ఫారం మడిచేస్తారనుకున్నాను. మడవలేదు. ఈ జీవాలను వదిలిపెట్టి రోడ్డు పనికి పోతావామ్మా అని అడిగారు.

“వీటిని మా మామ చూసుకుంటాడు. రేపు పెడితే రేపు పొద్దున్నే పోతా.”

ఫారంలో గడులు తప్ప మార్జిన్లలో ఏమీ రాయకూడదని నన్ను ఎన్నోసార్లు తిట్టిన మనిషి, ఆ మాటను మార్జిన్లో సన్నటి అక్షరాలతో రాసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన జీపును మార్కాపురం తాలూకా ఆఫీసు ముందు ఆపించారు. మా శాఖవాళ్లు ఎవరి పనుల్లోనూ వేలు పెట్టకూడదు. అయినా లోపలికి పోయారు. నేను బయట నిలబడ్డాను. వచ్చేటప్పుడు ఆయన మొహం కందగడ్డలా ఉంది. కరువు పని పెట్టాలంటే నిరుద్యోగం ఉన్నట్టు ఆధారం కావాలన్నాడట తహసీల్దారు. మీ సర్వే లెక్క ఇవ్వండి, రేపే పెడతానన్నాడట. మా లెక్కలు అచ్చు కావడానికి రెండేళ్లు పడుతుందని, అప్పుడు కూడా రాష్ట్రం మొత్తానికి ఉంటాయి గాని ఒక ఊరికి ఉండవని ఈయన చెప్పారట. అట్లాంటప్పుడు మీరెందుకు తిరుగుతున్నారని ఆయన అడిగాడట. మూడు రోజుల్లో ఇద్దరు మనుషులు అదే ప్రశ్న అడిగారు, ఒకరు గొర్రెల కోడలు, ఒకరు తహసీల్దారు అని సూపర్‌వైజరు గారు జీపెక్కుతూ అన్నారు.

‘పని’ అన్న మాటకు పల్లెల్లో అర్థం వేరేగా ఉందని, ప్రశ్నను తెలుగులో మార్చి రాయాలని ఆయన పైకి ఒక నివేదిక పంపారు. నిర్వచనాలను యథాతథంగా పాటించవలసిందని జవాబొచ్చింది. మార్జిన్లో రాసిన వాక్యం ఏ అంశానికి సంబంధించిందో తెలియడం లేదు, కొట్టివేయాలని మరో కాగితం వచ్చింది. కొట్టివేశారో లేదో నేను అడగలేదు. నా గదిలో మనిషికి ఆ ఏడాది ప్రమోషన్ వచ్చింది. కొత్తవాళ్లకు ఊళ్లలో ఎట్లా అడగాలో నేర్పే పని అప్పగించారు.

దోర్నాల రోడ్డు పని ఆ వేసవిలో పెట్టలేదు. వానలు పడి, అందరికీ చేలల్లో పనులు తగిలాక పెట్టారు. జనం రాలేదు కాబట్టి అక్కడ నిరుద్యోగం లేదని తాలూకా ఆఫీసువాళ్లు రాసుకున్నారని విన్నాను.

మరుసటి శివరాత్రికి ముందు నేను ఇంకో ఊరి పని మీద దోర్నాల వైపు పోతున్నాను. శ్రీశైలం పోయే యాత్రికుల కోసం ఎవరో కంట్రాక్టరు ఆ దారి బాగు చేయిస్తున్నాడు. అడవి చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగితే దిగి నిలబడ్డాను. రోడ్డు వారన కంకర కొడుతున్నవాళ్లలోంచి ఒకామె నన్ను పిలిచింది. గొర్రెల కోడలు. పక్కనే ఆమె మొగుడు. అడవిలో రోగం తగిలి మందలో సగం పోయిందట, మిగిలినవి అమ్మేశారట. ఇప్పుడు ఇద్దరికీ ఇదే పని. చెప్పడంలో ఏడుపేమీ లేదు. సుత్తి పక్కన పెట్టి, నా ఉద్యోగం ఉందా అని మొదట అడిగింది. ఉందక్కా అన్నాను. మళ్లీ మమ్మల్ని అడిగేదానికి వచ్చినావా అంది. లేదక్కా, ఈసారి వేరే ఊరు అన్నాను.

“ఆ ఊరోళ్లకైనా ముందే చెప్పు తమ్ముడా, దీనివల్ల మీకేం రాదని. ఊరికే ఆశ పెట్టుకుంటారు.”

బస్సు హారన్ కొట్టింది. సరేనని ఎక్కాను.

ఆ తర్వాత నా సర్వీసంతా, ఏ ఇంటి వాకిట్లో నిలబడినా మొట్టమొదట ఆ మాటే చెప్పాను. అమ్మా, నేను రాసుకునేదాని వల్ల మీకు పని రాదు, డబ్బు రాదు, ఏమీ రాదు అని. అట్లా చెబితే ఎవరూ జవాబివ్వరని పైవాళ్లు హెచ్చరించారు. ఇచ్చారు. పీట వేసి కూర్చోమని, మంచినీళ్లిచ్చి, సోమవారం నుంచి ఆదివారం దాకా ఓపిగ్గా చెప్పారు. ఏమీ రాదని తెలిసి ఎందుకు చెప్పేవారో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. మీరు రేపు ఊళ్లకు పోయినప్పుడు ముందు ఆ మాట చెప్పండి. తర్వాత మీ ప్రశ్న అడగండి.